కండక్టరు ఎక్కిన మెట్లు



లండన్ నగరంలో ఒక రెండంతస్తుల బస్సు. డ్రైవరు ముందు గదిలో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ కిందికీ పైకీ తిరుగుతున్నాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే రూటు, ఇంచుమించు ఒకే రకం బతుకు. కాకపోతే ఒకరు రోజంతా కూర్చుంటారు, రెండో ఆయన రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కుతాడు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు చూపు ఈ తేడా మీద పడింది. వేలాదిమంది బస్సు సిబ్బంది ఆరోగ్య రికార్డులు తిరగేశాడు. డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తోందనీ, వచ్చినా కాస్త వయసు మళ్లాకే వస్తోందనీ 1953లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు.

అంతటితో ఆయన చేతులు దులుపుకోలేదు. అసలు లావుగా ఉన్నవాళ్లే కూర్చునే ఉద్యోగానికి వెళ్లారేమో! అప్పుడు తప్పు కుర్చీది ఎలా అవుతుంది? ఈ అనుమానం తీర్చుకోవడానికి మోరిస్ బృందం వెతికి పట్టుకున్నది యూనిఫారాల లెక్కలు. సంస్థ సిబ్బందికి ప్యాంట్లు కుట్టించి ఇచ్చేది కదా, దర్జీ తీసుకున్న నడుము కొలతలు ఆ కాగితాల్లో భద్రంగా ఉన్నాయి. చూస్తే నిజంగానే డ్రైవర్ల నడుము పెద్దది, కుర్రవాళ్లలో కూడా. తన మొదటి మాటకు అడ్డొచ్చే ఆ సంగతిని మోరిస్ 1956లో తానే అచ్చు వేయించాడు. తర్వాత ఏళ్ల తరబడి పరిశీలించి, సన్నవాళ్లను సన్నవాళ్లతో, లావువాళ్లను లావువాళ్లతో పోల్చి చూసినా కండక్టర్ల గుండే మెరుగ్గా ఉందని తేల్చాడు.

హైదరాబాదులో డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్లందరూ ఆ మెట్లు చూశారు. మనిషి కదలికలో చూసినదాన్ని కొలవొచ్చు అనుకోవడం, కొలిచినదాన్ని మళ్లీ అనుమానించడం ఒక చదువు. ఆ చదువుకే ఇవాళ అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాల్లో కినీసియాలజీ అని పేరు. గ్రీకు భాషలో కినేసిస్ అంటే కదలిక.

పేరు ఒక్కటే గానీ, ఈ కప్పు కింద కాపురాలు చాలా ఉన్నాయి. పరుగెత్తే మనిషి గుండె, ఊపిరి, కండరం ఎలా పనిచేస్తాయో చూసేది ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ. మోకాలి మీద, నడుము మీద పడే బలాలను లెక్కగట్టేది బయోమెకానిక్స్. గ్లాసు అందుకోమని మెదడు చేతికి ఎలా చెబుతుందో వెతికేది మోటార్ కంట్రోల్. ఇవి కాక ఆటగాడి మనసును చదివేవాళ్లు, కార్మికుడి పనిముట్టును చదివేవాళ్లు, ఒక ఊరి జనం ఎంత నడుస్తున్నారో లెక్కలు తీసేవాళ్లు కూడా ఇదే శాఖలో ఉంటారు. ఒకరి పరికరం ఇంకొకరికి అక్కర్లేదు, ఒకరి పత్రిక ఇంకొకరు చదవరు.

ఈ కాపురాలు ఒకచోట చేరడానికీ ఒక చరిత్ర ఉంది. అమెరికాలో చాలాకాలం ఇది వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే శాఖగానే నడిచింది. డ్రిల్లు మాస్టారి చదువుకు విశ్వవిద్యాలయంలో ఏం పని అని పెదవి విరిచినవాళ్లకు బర్క్‌లీలో పనిచేసిన ఫ్రాంక్లిన్ హెన్రీ 1964లో ఒక వ్యాసంతో జవాబు చెప్పాడు. కదిలే మనిషిని చదవడం దానికదే ఒక శాస్త్రమని వాదించాడు. సరిగ్గా అదే 1964లో డెట్రాయిట్‌లో జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ అప్లైడ్ కినీసియాలజీ అని మరొకటి మొదలుపెట్టాడు. చాచిన చేతిని నొక్కి చూసి ఒంట్లో లోపం ఎక్కడుందో చెప్పే పద్ధతి అది. పకడ్బందీగా పరీక్షించినప్పుడు అది నిలబడలేదు. అయినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంటర్నెట్‌లో ఈ మాట కొట్టి వెతికే విద్యార్థికి రెండూ పక్కపక్కనే తగులుతాయి. మొదటిదాంట్లో చేరబోయి రెండోదాని గురించి వ్యాసం రాసి పంపితే ఆ దరఖాస్తు గతి చెప్పనక్కర్లేదు.

1967లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం కినీసియాలజీ పేరుతో శాఖ తెరిచింది. ప్రపంచంలో ఈ పేరుతో మొదటిది తమదేనని వాళ్లు చెప్పుకుంటారు. తర్వాత పేరు పాకిందే గానీ అంతటా కుదురుకోలేదు. ఒకచోట ఎక్సర్‌సైజ్ సైన్స్ అంటారు, ఇంకోచోట మూవ్‌మెంట్ సైన్స్. అటావాలో హ్యూమన్ కైనెటిక్స్. కొలరాడో బౌల్డర్‌లో ఇదే పని ఇంటిగ్రేటివ్ ఫిజియాలజీ అన్న బోర్డు కింద జరుగుతుంది. కాబట్టి కినీసియాలజీ అన్న మాటొక్కటే పట్టుకుని కాలేజీల జాబితా తయారుచేసుకుంటే, పనికొచ్చే ప్రయోగశాలలు కొన్ని అందులోకి రాకుండానే పోతాయి.

తెలుగు రాష్ట్రాల నుంచి ఈ దారి పట్టేవాళ్లలో ఫిజియోథెరపీ చదివినవాళ్లు ఎక్కువ. బీపీఈడీ, ఎంపీఈడీ చేసిన క్రీడాకారులుంటారు. ఈమధ్య మెకానికల్, బయోమెడికల్ ఇంజనీర్లు కూడా బయోమెకానిక్స్ వైపు చూస్తున్నారు. ఫిజియోథెరపీ వాళ్లకు ఒక ప్రమాదం పొంచి ఉంది. అమెరికాలో కినీసియాలజీలో ఎం.ఎస్. చేస్తే రోగికి ఫిజియోథెరపీ చేసే లైసెన్సు రాదు. అక్కడ ఆ పనికి డీపీటీ అనే వృత్తి డాక్టరేటు వేరే ఉంది, మామూలుగా మూడేళ్ల చదువు. మన బీపీటీ పట్టాతో అక్కడ ప్రాక్టీసు చేయాలంటే చదివిన సబ్జెక్టులన్నీ అక్కడివాటికి సరితూగుతాయో లేదో విడిగా మదింపు చేయించుకోవాలి, ఎన్‌పీటీఈ అనే జాతీయ పరీక్ష రాయాలి, ఆపైన ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివి. రెండు దారులూ మంచివే. ఒకటి అనుకుని రెండోదానికి ఫీజు కట్టినవాళ్లకే తిప్పలు. కెనడాలో లెక్క వేరు. ఒంటారియో ప్రాంతంలో కినీసియాలజిస్టు అన్నది 2013 ఏప్రిల్ నుంచి చట్టం గుర్తించిన ఆరోగ్య వృత్తి, నమోదు లేనిదే ఆ పేరు పెట్టుకోకూడదు.

ఇక దరఖాస్తు సంగతి. మన దగ్గర ఈఏపీసెట్టూ, నీటూ రాసి పెరిగిన పిల్లలకు ప్రవేశం అంటే ర్యాంకు. అక్కడ థీసిస్ ఉన్న ఎం.ఎస్.కు గానీ, పీహెచ్‌డీకి గానీ దరఖాస్తు పేరుకు విశ్వవిద్యాలయానికి వెళ్లినా, నిర్ణయం చాలామటుకు ఒక్క ప్రొఫెసరు బల్ల మీద జరుగుతుంది. ఈ విద్యార్థిని నా ల్యాబులోకి తీసుకుంటాను అని ఒకరు అనాలి. ఎవరూ అనకపోతే, మార్కులు ఎంత బాగున్నా జవాబు విచారంతోనే మొదలవుతుంది. థీసిస్ లేని కోర్సులకు ఈ పట్టింపు తక్కువ, కానీ వాటిలో ఫీజు మాఫీలూ తక్కువే. అందుకని దరఖాస్తులో మొదటి పని ఊరు వెతకడం కంటే ముందు ల్యాబు వెతకడం.

ల్యాబు వెతకడమంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్పుకుందాం. 2001 ఆగస్టు 1న కోరీ స్ట్రింగర్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎండలో సాధన చేసి వడదెబ్బతో చనిపోయాడు. వయసు 27. ఆయన పేరుమీద 2010లో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో, అక్కడి కినీసియాలజీ శాఖకు అనుబంధంగా ఒక సంస్థ వెలిసింది. వడదెబ్బ తగిలిన మనిషిని ఆస్పత్రికి మోసుకెళ్లేలోగా ముందు చల్లటి నీళ్ల తొట్టిలో ముంచాలని ఊదరగొట్టి మరీ ప్రచారం చేసేవాళ్లు వీళ్లు. కొత్తగూడెం, రామగుండం ఓపెన్‌కాస్ట్ గనుల్లో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఎరిగిన కుర్రవాడికి వెతకవలసిన చిరునామా అలాంటిది. బూట్ల మీద ఆసక్తి ఉన్నవాడికి దారి ఇంకోటి. నైకీ కొత్త బూటు తొడిగితే పరుగెత్తడానికయ్యే శక్తి ఖర్చు సగటున 4 శాతం తగ్గుతుందని 18 మంది పరుగు వీరులను ట్రెడ్‌మిల్ ఎక్కించి తేల్చింది బౌల్డర్ ల్యాబు. 2017లో ఆ ఫలితం బయటికొచ్చాక మారథాన్ లోకంలో నిబంధనల దాకా గొడవ నడిచింది.

ఇప్పుడు ఒక అమ్మాయిని ఊహించుకుందాం. బీపీటీ పూర్తయింది, ఊరు పాలమూరు వైపు. దరఖాస్తుతో పంపడానికి ఆమె మొదటిసారి రాసిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ ఇలా మొదలైంది: చిన్నప్పటి నుంచి నాకు మానవ శరీరమన్నా, క్రీడలన్నా ప్రాణం, మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయంలో చదవడం నా కల. తప్పు ఒక్కటీ లేదు. అయితే విశ్వవిద్యాలయం పేరు మార్చి ఇంకో నలభై చోట్లకు పంపినా అక్షరం తేడా రాదు. చదివే ప్రొఫెసరుకు అది రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఇంటర్న్‌షిప్‌లో ఆమె చూసినది వేరే ఉంది. కట్టడాల దగ్గర తట్టలు మోసే ఆడవాళ్లు మెడనొప్పితో వచ్చేవారు. కొందరు మాత్రం ఇరవయ్యేళ్లుగా మోస్తున్నా మెడ బాగానే ఉందనేవారు. సొంత ఊళ్లో గమనిస్తే నీళ్లు మోసేవాళ్లలో కూడా రెండు రకాలు. చీర కొంగునో పాత గుడ్డనో చుట్టకుదురులా చుట్టి నెత్తిన బిందె పెట్టుకునేవాళ్లు కొందరు, చంకన ఎత్తుకుని ఒక పక్కకు ఒరిగి నడిచేవాళ్లు కొందరు. ఈ తేడా గురించి ఎవరైనా రాశారా అని వెతికితే ఒక పాత పరిశోధన దొరికింది. 1986లో నేచర్ పత్రికలో వచ్చింది. కెన్యాలోని లువో తెగ స్త్రీలు నెత్తిన, కికుయు తెగ స్త్రీలు నుదుటి పట్టీ ఆసరాతో వీపున తమ బరువులో ఐదో వంతు దాకా మోసినా, ఉత్త చేతులతో నడిచినదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ ఖర్చు చేయలేదట. వాళ్ల నడక గడియారం లోలకంలా ఊగి శక్తిని ఆదా చేస్తుందని 1995లో అదే పత్రికలో మరో వివరణ వచ్చింది.

అమ్మాయి లెక్క వేసుకుంది. 45 కిలోల మనిషికి ఐదో వంతంటే 9 కిలోలు. 15 లీటర్ల నీళ్లు పట్టే బిందెలో నీళ్లే 15 కిలోలు, అంటే మూడో వంతు. పైగా సగంమంది నెత్తిన కాక చంకన మోస్తున్నారు. ఆ హద్దు దాటాక, అదీ ఒక పక్కన బరువు పడినప్పుడు, నడుములో ఏం జరుగుతుంది? పాత ఇనపసామాన్ల వాడి దగ్గర కొక్కెం కాటా అరువు తెచ్చి, వీధిలో పన్నెండు మంది బిందెలు తూచింది. అడిగి, ఒప్పుకున్నవాళ్ల నడకను వెనక నుంచి ఫోనులో వీడియో తీసింది. ఎవరికి ఎక్కడ నొప్పో ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. ఇది పరిశోధన కాదని ఆమెకూ తెలుసు. పన్నెండు మంది చాలరు. నొప్పి ఉన్నవాళ్లే చంకకు మారారేమో కూడా చెప్పలేం. ఆ అనుమానాన్నీ స్టేట్‌మెంట్‌లో రాసింది. లండన్ బస్సుల డాక్టరుకు వచ్చిన అనుమానమే ఇది, ప్యాంటు కొలత బదులు బిందె.

రెండో చిత్తుప్రతి ఆ బిందెతో మొదలైంది. మొదటి పేరాలో చూసిందేమిటి, రెండోదాంట్లో అప్పటికే ఎవరేం కనుక్కున్నారు, మూడోదాంట్లో తాను చేయాలనుకున్నదేమిటి, నాలుగోదాంట్లో ఆ పనికి ఫలానా ల్యాబే ఎందుకు. రెండు పేజీలు దాటలేదు. కాలేజీలో వచ్చిన బహుమతుల జాబితా రెస్యూమేలోకి వెళ్లిపోయింది.

బిందె తూచడమైనా, పరుగు లెక్కైనా ఈ చదువుకు ప్రాణం కొలత. కొలత అనేసరికి తెలుగువాళ్లకు గుర్తుండాల్సిన పేరు విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో పూర్తిచేసింది. జాతీయ రికార్డు కంటే మెరుగైన సమయం. కానీ రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, అనుమతించేది 2.0. నెల తిరిగేసరికి సైప్రస్‌లో 13.23 సెకన్లు పరుగెత్తి, అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్న 13.38 సెకన్ల రికార్డు దాటింది. ఈసారి గాలి పేచీ పెట్టలేదు. కినీసియాలజీ విద్యార్థి కోళికోడ్ గాలి లెక్కలో ఎక్కువైన ఆ ఒక్క దశాంశం గురించి ఒక సెమినారంతా మాట్లాడగలగాలి.

ప్రొఫెసరుకు రాసే ఈమెయిలు స్టేట్‌మెంట్ కన్నా చిన్నది. రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టి అరపేజీ వినయం ఒలకబోసేవి వాళ్లకు రోజూ వస్తాయి. పైన ఒకరి పేరు, లోపల ఇంకొకరి పేరు మిగిలిపోయినవీ వస్తాయి. పనికొచ్చే ఉత్తరంలో నాలుగైదు వాక్యాలుంటాయి: తానెవరు, ఆయన రాసిన ఏ వ్యాసం చదివింది, అందులో ఏ ప్రశ్న మిగిలిందని అనుకుంటోంది, వచ్చే ఏడాది కొత్త విద్యార్థిని తీసుకునే ఉద్దేశం ఉందా. చివరి ప్రశ్నకు లేదు అని జవాబొస్తే అదీ లాభమే, ఆ దరఖాస్తు ఫీజు మిగిలినట్టే.

సిఫార్సు లేఖల దగ్గర మన వ్యవస్థకూ వాళ్ల వ్యవస్థకూ గట్టిగా తగువు పడుతుంది. మామూలుగా మూడు లేఖలు కావాలి. నువ్వే రాసి పట్టుకురా, సంతకం పెడతాను అనే పెద్దమనుషులు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. అలా ఒకే చేతిరాతలో పుట్టిన మూడు లేఖలూ ఒకే మాటలతో పొగిడితే ఎదుటివాళ్లు పోల్చుకోలేరా? పైగా ఇప్పుడు లేఖ ఎక్కించే లింకు నేరుగా లేఖ రాసేవారి ఈమెయిలుకే వెళ్తుంది, సంస్థ ఇచ్చిన ఈమెయిలు ఉంటే మేలంటారు. మాస్టారు ఆ ఈమెయిలు తెరిచి ఎన్నాళ్లయిందో, ఆ లింకు స్పామ్‌లో పడి ఉందేమో కనుక్కునే బాధ్యత విద్యార్థిదే. శాఖాధిపతి హోదా కంటే, వార్డులో పక్కన నిలబడి ఈ పిల్ల పని చూసిన అసిస్టెంట్ ప్రొఫెసరు రాసిన ఒక పేజీకి విలువ ఎక్కువ.

క్యాలెండరు సంగతి. ఆగస్టులో మొదలయ్యే తరగతులకు గడువులు అంతకుముందు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల ముగుస్తాయి. అంటే ప్రొఫెసర్లకు ఉత్తరాలు దసరాకు ముందే వెళ్లాలి. మార్కుల మెమోలు, ట్రాన్స్‌క్రిప్టుల కోసం యూనివర్సిటీ కౌంటరు దగ్గర నిలబడే రోజులను కూడా అందులో కలుపుకోవాలి. మూడేళ్ల డిగ్రీ వాళ్లు నాలుగేళ్ల చదువు అడిగే చోట ముందే వాకబు చేసుకోవాలి. బీపీటీ వాళ్లకు ఆ చిక్కు ఉండదు. చాలా శాఖలు జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్ష అడగడం మానేశాయి. అడిగేచోట కూడా భారం తగ్గింది. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష సుమారు రెండు గంటలకు కుదించుకుపోయింది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లిషు పరీక్ష మాత్రం చాలాచోట్ల తప్పదు.

డబ్బు మాట. ఫీజు మాఫీ చేసి నెల జీతంలా ఇచ్చే అసిస్టెంట్‌షిప్పులు పీహెచ్‌డీలో ఎక్కువ, ఎం.ఎస్.లో తక్కువ. అయితే ఈ శాఖకు ఒక ప్రత్యేకత ఉంది. చాలా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ పిల్లలకు ఈత, బ్యాడ్మింటన్, యోగా, బరువులెత్తడం నేర్పే క్లాసులు కినీసియాలజీ శాఖే నడుపుతుంది, నేర్పేది ఎం.ఎస్., పీహెచ్‌డీ విద్యార్థులే. గచ్చిబౌలిలో షటిల్ ఆడి పెరిగిన పిల్ల ఆ సంగతి రెస్యూమే అడుగున హాబీల కింద రాస్తే లాభం లేదు, పైన రాయాలి. ఎఫ్-1 వీసా మీద చదువు నడుస్తున్న రోజుల్లో క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు మించకూడదు. ఆర్థిక సాయంతో సీటు ఇచ్చిన చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 దాకా జవాబు కోసం ఆగుతామని తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. రేపటిలోగా చెప్పు అని ఒత్తిడి వస్తే ఆ తేదీని మర్యాదగా గుర్తు చేయవచ్చు.

వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 కాగితం మీద ఒక అంకె ఉంటుంది. దాన్ని చాలామంది చదువు ముగిశాక చదువుతారు. కోర్సు కోడు అది. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీకి 26.0908, జీవశాస్త్రాల వరుసలోది. ఆ వరుస స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కింద లెక్క కాబట్టి చదువు తర్వాత ఉద్యోగ శిక్షణకు మామూలుగా వచ్చే 12 నెలల పైన మరో 24 నెలలు అడగవచ్చు. ఎక్సర్‌సైజ్ సైన్స్, కినీసియాలజీ అనే 31.0505 ఇంకో వరుసలోది. ఒకే రకం చదువుకు ఒక విశ్వవిద్యాలయం ఒక కోడు, పక్కది ఇంకో కోడు వాడుతుంటుంది. సీటుకు ఒప్పుకునే ముందు ఒక్క ఈమెయిలు రాసి అడిగితే తెలిసిపోయే విషయం.

మన పాలమూరు అమ్మాయి దగ్గరికే వద్దాం. జనవరి నెల, రాత్రి ఏడున్నర. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు పొద్దున తొమ్మిది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. వెనక గదిలో టీవీ ఆపమని నాన్నకు ముందే చెప్పింది. తెర మీద ప్రొఫెసరు ఆమె స్టేట్‌మెంట్ పట్టుకుని ఉన్నాడు. మార్కులు అడగలేదు, మా విశ్వవిద్యాలయమే ఎందుకు అనీ అడగలేదు. బిందెలు దేంతో తూచావు అన్నాడు. కొక్కెం కాటా చూపించింది, ఆ రోజు మళ్లీ అరువు తెచ్చి పెట్టుకుంది. ఆయన నవ్వి, మరి ఖాళీ బిందె ఎంత తూగింది, ఇత్తడిదీ ప్లాస్టిక్‌దీ ఒకటే కాదుగా అన్నాడు.

అమ్మాయి నోటు పుస్తకంలో ఇంకో పేజీ తిప్పింది.